కంటి తడి

కన్నీరనగా దుఃఖమునకు గుర్తని లోకము తలంచును. కాని ఏడ్వని వేళను గూడ కంటియందు నీరుండును. అది లేనిచో ఱెప్ప వాల్చుటయే కష్టమగును. గ్రుడ్డును కప్పియున్న యీ పలుచని పొరలో మూడు ద్రవ్యములు కలవు. కంటి నంటుకొని జిగురు, దానితో నీరు, అన్నింటిపై నూనె. కనుబొమ క్రింద, కణతవైపున నున్న గ్రంథి నీటి నూరించును. ఱెప్పల లోపలి సన్నని గ్రంథులు నూనె నిచ్చును. హైన్రిక్ మైబోమ్ అను జర్మను వైద్యుడు 1666లో వానిని వర్ణించెను గనుక అవి ఆయన పేరనే ప్రసిద్ధి కెక్కినవి. పైనున్న నూనె క్రిందినీరు త్వరగా ఆవిరి గాకుండ కాచును.

మనము సామాన్యముగ నిమిషమునకు 15 మార్లు ఱెప్పవేయుదుము. ప్రతి ఱెప్పపాటును నేల నలికినట్లు ఆ తడిని కన్నంతట పూయును. ఒకదానిపై చూపు నిలిపినపుడు ఈ లెక్క సగమునకును, ఒక్కొక్కప్పుడంతకును దిగును. సిరిసిల్ల వీధులలో నడచినవారు సాంచాల చప్పుడు వినియేయుందురు. అచటి కార్మికుడు ఒకేవేళ పెక్కు సాంచాలను చూచుకొనుచు, తెగిన పోగును కనిపెట్టవలెను. నూలుధూళి కంటబడును. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టు తల్లులు ఒడిలో చాట నుంచుకొని, తలవంచి, తునికాకుపైననే చూపు నిలుపుదురు. పొగాకు పొడి కన్నులను మండించును. వేసవిలో వడగాలి యుండనేయున్నది. కొంతసేపు చూపు మరల్పుడని వారికి చెప్పుట సులభము. కాని వేయి బీడీలకింతయని కూలి పొందువారికి ఆ కొంతసేపును ఖరీదైనదే. సెల్‌ఫోను పట్టిన బాలుని సంగతి వేఱు. వాని నెవ్వరును కూలికి పెట్టలేదు!

తడియారిన కన్ను ఇసుక పడినట్లు గరగరలాడును, మండును, ఎఱ్ఱబడును. చూపు మసకబారి, ఱెప్పవేయగనే తేటపడును. వింత యేమనగా, పొడికన్నే ఒక్కొక్కప్పుడు ధారగా నీరు కార్చును. పొర చెదరి కన్ను మండగా, గ్రంథి ఒక్కుమ్మడిగ నీరు వదలును. ఆ నీరు చెంపపై జారిపోవునే గాని కంటిపై నిలువదు. “నీరు కారు కన్ను పొడికన్నెట్లగును?” అని మీ నాయనమ్మ యడిగినచో ఈ మాట చెప్పుడు.

పిల్లలకు వచ్చు మఱియొక పొడికన్ను మిక్కిలి ప్రమాదకరము. విటమిన్ ‘ఎ’ కొఱవడినచో మొదట రేచీకటి కలుగును; పిదప తెల్లగ్రుడ్డు తడియారి కాంతి గోల్పోవును; తుదకు నల్లగ్రుడ్డు మెత్తబడి చూపే పోవును. దీనిని నివారింప 1970లో మన దేశమున చిన్నపిల్లలకు ఆఱు నెలల కొకమారు ఈ విటమిన్ పోయు పథకము ఆరంభమయ్యెను. దానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు దారిచూపినవి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, కోడిగ్రుడ్డు మన యూళ్లలో దొరకునవే. వాని యందీ విటమిన్ లభించును.

చదువునపుడు 20 నిమిషముల కొకమారు తలయెత్తి, 20 అడుగుల దూరమందలి చెట్టునో గోడనో 20 సెకనులు చూచుచు, ఱెప్పలు పూర్తిగా మూసి తెఱువుడు. పంకాగాలి ముఖమునకు సూటిగ తగులనీయకుడు. గోరువెచ్చని నీట పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన ఱెప్పలపై కొన్ని నిమిషము లుంచినచో గడ్డకట్టిన నూనె కరగును. ఆకుపసరు, చనుబాలు, ఆముదము కంట పోయుట మాత్రము మానవలెను. వానివలన పుండ్లు పుట్టవచ్చును. కన్ను ఎఱ్ఱబడగనే అంగడిలో నడిగి తెచ్చిన చుక్కలను నెలలకొలది వేసికొనువారు కలరు. వానిలో స్టిరాయిడు ఉన్నచో కంటి లోపలి ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకయే చూపునరము చెడవచ్చును. కావున మంట తగ్గకున్నను, వెలుతురు చూడజాలకున్నను, చూపు తగ్గినను కంటివైద్యునికే చూపవలెను.