నడుముకు తగిలించుకున్న ఆంప్లిఫయర్

ఎలక్ట్రిక్ గిటారును నేరుగా కంప్యూటరుకు తగిలించి, డిస్టార్షన్ పెడల్ నొక్కి వాయించి చూడండి. సీసాలో చిక్కుకున్న తుమ్మెద రొద వినిపిస్తుంది. రికార్డుల్లో విన్న నిండుదనం మచ్చుకైనా ఉండదు. ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇక్కడే నిరాశపడి గిటారు మార్చేస్తారు. తప్పు గిటారుది కాదు. అక్కడ లేనిది స్పీకరు.

గిటారు పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ వాల్వులు దాన్ని తమ శక్తికి మించి పెంచబోయినప్పుడు తరంగాల కొనలు తెగి, కొత్త హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. డిస్టార్షన్ అంటే అదే. ఆ కరకు ధ్వని 12 అంగుళాల కాగితపు కోను దాటి బయటికి రావాలి. సెకనుకు 5,000 కంపనాలు దాటాక ఆ కోను చురుగ్గా కదలలేదు. అందుకే పైనున్న గరుకంతా జల్లెడలో పొట్టులా అక్కడే ఆగిపోతుంది. మన చెవికి ఇంపైన గిటారు నాదంలో సగం ఈ జల్లెడ చలవే.

ఈ సంగతిని చెవితో పట్టి, సర్క్యూట్‌గా మలిచిన మనిషి టామ్ షోల్జ్. ఎం.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. పగలు పోలరాయిడ్ కంపెనీలో ఉద్యోగం, రాత్రిళ్లు బోస్టన్ పక్కనే వాటర్‌టౌన్‌లోని ఇంటి నేలమాళిగలో రికార్డింగ్. జీతం డబ్బులన్నీ ఆ గదిలోనే పోశాడు. రికార్డు కంపెనీ ప్రొఫెషనల్ స్టూడియోకి రమ్మన్నా, తన పాటల్లో అధికభాగం ఆ నేలమాళిగలోనే పూర్తిచేశాడు. ఆ పాటలతో 1976లో వచ్చిన, అతని బ్యాండ్ ‘బోస్టన్’ తొలి ఆల్బమ్‌కి ఒక్క అమెరికాలోనే కోటీ 70 లక్షల కాపీల ధ్రువీకరణ దక్కింది.

ఇంట్లో వాయించేవాడికి పెద్ద చిక్కు ధ్వని తీవ్రత. వాల్వు ఆంప్‌ని గట్టిగా తోలితేగానీ ఆ నాదం పలకదు, తోలితే వీధంతా నిద్ర లేస్తుంది. షోల్జ్ ఆంప్‌కీ స్పీకరుకీ నడుమ రెసిస్టర్ల పెట్టె ఒకటి పెట్టి, మిగులు శక్తిని వేడిగా మార్చేశాడు. 1980లో సొంత కంపెనీ పెట్టి, దాన్నే ‘పవర్ సోక్’ పేరుతో అమ్మాడు. అది మంచి ఉపాయమే అయినా ఆంప్, స్పీకరు, మైకు మాత్రం ఇంకా కావాల్సిందే.

1982లో వాటినీ తీసేశాడు. వాక్‌మన్ అంత పెట్టె. నడుము బెల్టుకి తగిలించుకుని, ఒక పక్క గిటారు, మరో పక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడమే. లోపల 8 పెన్సిల్ బ్యాటరీలు. పేరు రాక్‌మన్. గిటారు సంకేతాన్ని ముందు కంప్రెసర్ చదును చేస్తుంది, తరవాత డిస్టార్షన్, ఆపైన అసలు కిటుకు: స్పీకరు కోను చేసే పనిని అనుకరించే ఫిల్టర్లు.

ఈ పెట్టెలో ఎకో పుట్టే తీరు నాకు మరీ ఇష్టం. స్లాబు వేసే రోజున కాంక్రీటు తట్టలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ పైకి వెళ్తాయి కదా! చిప్‌లో వరసగా ఉన్న బుల్లి కెపాసిటర్లు విద్యుదావేశాన్ని అలాగే ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. చివరికి చేరేసరికి ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యమే ఎకో. దాన్ని పొట్టిగా ఉంచి, కొద్దికొద్దిగా ఊగేలా చేస్తే కోరస్.

ట్రెబుల్, బేస్ తిప్పుకునే నాబ్‌లు మాత్రం లేవు. షోల్జ్ చెవికి నచ్చిన నాదమే అందరికీ. దీన్ని లోపమన్నవాళ్లున్నారు. నాకైతే అదే దాని బలం అనిపిస్తుంది: తిప్పడానికేమీ లేనప్పుడు వాయించడమే మిగులుతుంది. 1987లో వచ్చిన డెఫ్ లెపర్డ్ బ్యాండ్ ‘హిస్టీరియా’ ఆల్బమ్ గిటార్లలో అధికభాగం ఈ పెట్టె గుండానే వెళ్లాయి.

1995లో షోల్జ్ ఆ వ్యాపారాన్ని డన్‌లప్ కంపెనీకి అమ్మేశాడు. 1998లో లైన్ 6 కంపెనీ ‘పాడ్’ వచ్చి ఆంప్‌నీ స్పీకరునీ డిజిటల్‌గా అనుకరించింది. ఇప్పుడు ఆ పని లాప్‌టాప్ సాఫ్ట్‌వేరే చేస్తోంది. స్పీకరు స్పందనను కొలిచి దాచిన ‘ఇంపల్స్ రెస్పాన్స్’ ఫైళ్లు ఉచితంగానూ దొరుకుతున్నాయి.

కాబట్టి కొనబోయేవాళ్లకు నా మాట: ముందు గిటారును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, గిటారు కోసమే ఉద్దేశించిన ఇన్‌పుట్ ఉన్నది తీసుకోండి. ఆ ఇన్‌పుట్ నిరోధం (ఇంపెడెన్స్) 1 మెగా ఓమ్ దాకా ఉండాలి, లేకపోతే పికప్ పలికే మెరుపు అక్కడే చచ్చిపోతుంది. తరవాత మంచి స్పీకరు ఫైలు ఒకటి ఎంచుకోండి. పెడళ్ల సంగతి ఆ తరవాత.