కుట్టులేని అంగీ

మైపాడు ఒడ్డున నిలబడి చూస్తే ముందంతా సముద్రమే. దానికి ఆవల, ఈశాన్యాన మయన్మార్. ఆ దేశపు పడమటి కొండల్లో చిన్ జనం ఉన్నారు. వారికీ మనకూ ఒక చుట్టరికం ఉంది. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలే 1899లో చిన్ కొండల్లోని హాకాకూ వెళ్లారు. నేడు చిన్ జనంలో అత్యధికులు క్రైస్తవులు. అక్కడి స్త్రీలు మగ్గాన్ని నడుముకు బిగించుకుని నేస్తారు. నేసేటప్పుడే అదనపు పోగులు చేర్చి బుటాలు దించుతారు. ఆ నేతను ఇప్పటి డిజైనర్లు కొత్త తరహా దుస్తులుగా మలుస్తున్నారట. మా సంఘంలో ఫ్యాషన్ డిజైనింగ్ చదివే అమ్మాయి ఈ సంగతి చెబితే, "మన వెంకటగిరి మాటేమిటమ్మా?" అన్నాం.

వెంకటగిరి 2022 దాకా నెల్లూరు జిల్లాదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి జాందానీ చీర కొంగులో నెమలి దిగాలంటే నేతగాడు పోగు పోగునూ చేత్తో ఎక్కించాలి. అది అద్దకం కాదు, కుట్టుపనీ కాదు. గుడ్డతో పాటే పుడుతుంది. అందుకే తిరగేసినా అంతే అందం. 'మహానటి' దుస్తులకు 2019లో జాతీయ పురస్కారం పొందిన ముగ్గురిలో ఒకరైన హైదరాబాదు డిజైనర్ గౌరంగ్ షాకు పేరు తెచ్చిందీ జాందానీయే.

మొన్న సంఘ వార్షికోత్సవానికి మా స్త్రీల సమాజం 'వెంకటగిరి' చీరలు కొన్నది. చవకగా దొరికాయని వేదిక మీద మేమూ మెచ్చుకున్నాం. ఆ అమ్మాయి ఒక కొంగు తిరగేసి చూపింది. వెనుక పువ్వు వెలవెలబోతోంది. మరమగ్గపు గుడ్డ మీద అచ్చు! దుకాణదారు మీద కోపం వచ్చింది. కానీ ఆ ధరలో నేతగాడి కూలి ఎక్కడుందని మేం అడిగామా? చేను కోసినవారి కూలి బిగబట్టడం గురించి యాకోబు రాసిన దాని మీద ఎన్నిసార్లు ప్రసంగించామో. నేసినవారు మాత్రం మాకు గుర్తు రాలేదు.

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచాడు. నేతపని నేర్పు కూడా ఆయన ఇచ్చినదేనని నిర్గమకాండం 35వ అధ్యాయం చెబుతుంది. ప్రభువు అంగీ కుట్టు లేకుండా పైనుంచి ఏకంగా నేసినదని చూసి, సిలువ దగ్గర సైనికులు సైతం దాన్ని చింపక చీట్లు వేసుకున్నారు. దాన్ని నేసిన చేతులు ఎవరివో సువార్తల్లో లేదు.

అసలు చీర ధర విన్నాక సమాజంలో ఎవరూ మాట్లాడలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో మైపాడు ఇళ్లలో బియ్యానికే ఇబ్బంది, వారిని ఏమనగలం? చివరకు ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ఒక్కటైనా నేతగాడి చేతే నేయిద్దామని చందాలు వేసుకున్నారు. అంచున ద్రాక్షగుత్తి ఉండాలని పెద్దలు, చేప ఉండాలని వేటకు వెళ్లేవారు. ఇంకా తేలలేదు.