ఉమ్మడి పటమునకు కాపుదల

ఊరుమ్మడి చెరువును నలుగురు కలిసి త్రవ్వుట ఒక యెత్తు. త్రవ్విన పిమ్మట కాపాడుకొనుట మరియొక యెత్తు. తూము ఎవరెత్తవలెను, నీరు ఎవరికెంత అను కట్టుబాటు లేనిచో బలవంతుని పొలమే తడియును. పలువురు జీతము లేక కూర్చుచున్న సమాచార భాండారములకును ఈ న్యాయమే వర్తించును. అట్టివానిలో ఒకటియగు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను గూర్చి విద్యార్థులకును, తలిదండ్రులకును తెలుపదలచితిమి.

ఇది కంప్యూటరులో చూడదగిన ప్రపంచ పటము. 2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ అను నాయన దీనిని ప్రారంభించెను. అప్పుడచ్చట ప్రభుత్వ సర్వే పటముల వివరములను వాడుకొనుటకు రుసుములును, షరతులును అడ్డుగా నుండెను. అందుచే జనులే వీధులను కొలిచి, బడులను, గుడులను గుర్తించి క్రొత్త పటమును కట్టసాగిరి.

ఇందరి శ్రమను ఒకరు స్వంతము చేసికొని తలుపు మూసినచో నేమగును? అట్లు జరుగకుండ నుండుటకు మొదటి కావలి లైసెన్సు, అనగా అనుమతి పత్రము. 2012 సెప్టెంబరు 12 నుండి ‘ఓపెన్ డేటాబేస్ లైసెన్సు’ అమలులో నున్నది. ఈ సమాచారమును ఎవరైనను, వ్యాపారమునకైనను, ఉచితముగా వాడుకొనవచ్చును. వాడినవారు మూలమును పేర్కొనవలెను. దానిని మార్చి, పెంచి బహిరంగముగా వినియోగించినవారు ఆ మార్చిన సమాచారమును గూడ అవే షరతులపై అందరికి నీయవలెను.

పూర్వపు లైసెన్సు రచనలకు, చిత్రములకు ఉద్దేశింపబడినది. సమాచార పట్టికలకు చక్కగా నమరలేదు. అయినను పనిచేసినవారి సమ్మతి లేక దానిని మార్చుట తగదు గదా! అందుచే వారి సమ్మతి నడిగిరి. సమ్మతింపనివారి కూర్పును 2012లో తొలగించిరి. నష్టమునకైన నోర్చి న్యాయమును నిలిపిరి.

రెండవ కావలి పరిపాలనము. 2006లో ఏర్పడిన ఫౌండేషన్ యంత్రములను, ధనమును, చట్ట విషయములను చూచుచున్నది. దాని మండలిని సభ్యులే ఎన్నుకొందురు. 2018 ఎన్నికలకు ముందు ఒకే సంస్థ ఉద్యోగులు దాదాపు నూరుగురు ఒక్కుమ్మడిగా సభ్యులై చేరుట కలవరము గలిగించెను. ఓట్లు గుంపుగా వచ్చినచో చెరువు తూము చేతులు మారవచ్చును గదా! 2020 నుండి, ఏడాదిలో 42 దినములైనను పటమునకై పనిచేసినవారికి రుసుము లేకయే సభ్యత్వము లభించుచున్నది. పనిచేయువారి చేతిలోనే అధికారముండుట కిది తోడ్పడును.

లైసెన్సును మార్చుట మండలికి ఒంటిగా సాధ్యము కాదు. క్రొత్తది గూడ స్వేచ్ఛాయుతమైనదే కావలెను. సభ్యుల ఓటును, చురుకుగా పనిచేయువారిలో మూడింట రెండువంతుల ఆమోదమును లభింపవలెను. అన్నిటికి మించి, సమస్త సమాచారమునకు నకలు తీసికొనుట కెల్లరకు హక్కు కలదు. కాపుదారులే దారి తప్పినను పని వేరొకచోట సాగగలదు.

ఇందు మనకేమి పట్టినది? ఈ పటమున ఊరి పేరును ఆ రాష్ట్ర భాషతో పాటు తెలుగు లిపిలో గూడ వ్రాయుటకు తావు కలదు. హోసూరు, బళ్లారి, బరంపురము ప్రాంతములలో మనవారు తరతరములుగా పలుకుచున్న పేర్లను అందు చేర్చవచ్చును. అయితే ఇతరుల పటములను చూచి వ్రాయరాదు. అవి వారి సొత్తు. స్వయముగా చూచి, పెద్దలనడిగి, నిజమైనదే వ్రాయవలెను. పేరు చేర్చుట నేర్చువారు షరతులను చదువుటయు, ఓటును వినియోగించుటయు నేర్వవలెను. అప్పుడే మనము వ్రాసినది మన తరువాతివారికి దక్కును.