తీగ దూరిన గోడకంత – నిప్పుకు దారి



హైదరాబాదు పడమటి దిక్కున, మాదాపూరులో, 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. ఒకప్పుడు బండలు, తుప్పలు ఉన్న ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ పేరుతో పెద్ద మేడలతో నిండియున్నది. మన పల్లెలలో పుట్టి చదువుకొన్న పిల్లలు ఎందరో అక్కడ పనిచేయుచున్నారు. కనుక ఆ మేడలలో కరెంటు తీగల కంతలను ఎట్లు మూయుదురను సంగతి మనము తెలిసికొనదగినది. మన గిడ్డంగికి, మోటారు కొట్టుకు కూడ అదే సూత్రము వర్తించును.

పొగ ప్రాకు దారి

మేడలలో తీగలు ఒక నిలువు గూడు ద్వారా పైఅంతస్తులకు పోవును. అందుకై ప్రతి అంతస్తు కప్పుకు కంత పెట్టుదురు. తీగ బొటనవ్రేలంత, కంత జానెడు. మిగిలిన ఖాళీని మూయనిచో ఆ గూడు పొగగొట్టమే యగును. నిప్పుకంటె ముందే పొగ పైకి ప్రాకును. పొగ ఎంత కీడో 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు ప్రమాదములో చూచితిమి. ఉద్యోగమునకై జిల్లాలనుండి వచ్చిన ఆరుగురు పొగకు ఊపిరాడక మరణించిరి.

నియమమేమి?

2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము తీగల గూడును ప్రతి అంతస్తువద్ద మూయవలెను. కప్పు ఎంతసేపు నిప్పును తట్టునో, మూసిన పదార్థము కూడ అంతసేపు తట్టవలెను. కప్పు రెండు గంటలు నిలిచి, కంత పది నిమిషములకే తెరచుకొన్నచో ప్రయోజనము లేదు.

సిమెంటు ఒక్కటే చాలదా? తీగపై తొడుగు ప్లాస్టిక్కు. అది కాలిపోగానే సిమెంటుకు, లోహపు తీగకు నడుమ సందు ఏర్పడును. అందుచేత వేడికి ఉబ్బి ఆ సందును పూడ్చు లప్పమును తీగచుట్టు పెట్టుదురు. బజారులో దీనిని ‘ఫైర్ స్టాప్ సీలెంటు’ అందురు. పెద్ద కంతలలో కాలని రాతి ఉన్నిని కూరి, దానిపై ఈ లప్పము పూయుదురు.

మండెడి పదార్థముతో మూయుట మరింత ప్రమాదము. 1975 మార్చి 22న అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్కేంద్రములో, తీగల కంతనుండి గాలి పోవుచున్నదేమో యని ఒక పనివాడు కొవ్వొత్తి పట్టి చూచెను. కంతలో కూరిన నురుగు అంటుకొని సుమారు 1600 తీగలు చెడినవి.

మీరు చేయవలసినది

1. ప్రత్తి, గడ్డి, గోనెసంచులు నిలువచేయు గదికిని, స్టార్టరు ఉన్న గదికిని నడుమ గోడలో తీగ కంతలను వెదకుడు.

2. గోనెపీలిక, గడ్డి, నురుగు, థర్మోకోలు కూరకుడు.

3. కరెంటు ఆపించి, తెలిసిన పనివానిచేత తీగకు ఇనుప గొట్టము తొడిగించి, గొట్టముచుట్టు సిమెంటు, ఇసుకతో పూడ్పించుడు. గొట్టము లోపలి ఖాళీని ఫైర్ స్టాప్ లప్పముతో మూయించుడు. ఎలుకలకు, పాములకు కూడ దారి తగ్గును.

4. క్రొత్త తీగ వేసిన ప్రతిసారి కంతను తిరిగి మూయించుడు. తరచుగ మరచునది ఇదియే.

గ్రామాధికారులు పంచాయతీ కార్యాలయము, బడి, సహకార గిడ్డంగులలోని కంతలను వేసవికి ముందు ఒకమారు తనిఖీ చేయించవలెను. తీగపని ముగిసినదని బిల్లుపై సంతకము చేయుటకు ముందు, కంత మూసినదీ లేనిదీ స్వయముగ చూడవలెను.