3600 × 10800: పెళ్లి ఆల్బమ్ పనిలో గంటలు ఎక్కడ పోతున్నాయి?

ఎత్తు 12 అంగుళాలు, వెడల్పు 36 అంగుళాలు. పెళ్లి ఒడిశాలోని రామనగుడలో జరిగినా, గుణుపురంలో జరిగినా, సరిహద్దు దాటి ఆంధ్రలోని పార్వతీపురంలో జరిగినా స్టూడియోవాళ్లు కరిజ్మా అని పిలిచే ఆల్బమ్‌లో ఎక్కువగా కనబడే షీటు కొలత ఇదే. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఆ షీటు కంప్యూటర్‌లో 3600 × 10800 పిక్సెళ్లు అవుతుంది. అంటే 3 కోట్ల 88 లక్షల 80 వేలు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగుల మూడు బైట్లు వేసుకుంటే, ఏ ఫోటో పెట్టకముందే, ఖాళీ షీటే దాదాపు 117 ఎంబీ. 40 షీట్ల ఆల్బమ్ అంటే, లేయర్లన్నీ కలిపేశాక కూడా 4.6 జీబీ పైచిలుకు పిక్సెళ్లను మోయాలి.

ఇంత బరువు చూసి చాలామంది ముందుగా కొత్త కంప్యూటర్ గురించి ఆలోచిస్తారు. ర్యామ్ పెంచితే పని సాగుతుంది, కాదనను. కానీ గంటలు పోయేది అక్కడ కాదు, వెతుకులాటలో. లెక్క కోసం ఇలా అనుకుందాం: 40 షీట్లకు షీటుకు 5 చొప్పున 200 ఫోటోలు. సర్దిపెట్టని ఫోల్డర్లో ఒక్కో ఫోటో వెతకడానికి అర నిమిషం, ఒక్కో షీటుకు బ్యాక్‌గ్రౌండ్ వెతకడానికి 5 నిమిషాలు. మొదటిది 100 నిమిషాలు, రెండోది 200. మొత్తం 5 గంటలు పోయినా ఒక్క షీటూ తయారు కాలేదు!

ముందు తీసేయడం, తర్వాత ఎంచుకోవడం

రెండు కెమెరాలు, రెండు రోజులు, 3000 ఫోటోలు. వాటిలోంచి ఆల్బమ్‌కు వెళ్లేవి 200 అయితే పదిహేనింటికి ఒకటే మిగులుతుంది. ఒక్కో ఫోటోను ఫోటోషాప్‌లోనే తెరిచి, చూసి, మూస్తే తలా 10 సెకన్లు. మొత్తం 30,000 సెకన్లు, అంటే 8 గంటల 20 నిమిషాలు. అదే బ్రిడ్జ్ లాంటి, ఫోటోలు చూడటానికే ఉన్న సాఫ్ట్‌వేర్‌లో బాణం మీట నొక్కుతూ తలా 2 సెకన్లు చూస్తే గంటా 40 నిమిషాలు.

మొదటి విడతలో బాగున్నవి వెతకొద్దు. కళ్లు మూసుకున్నవి, కదిలిపోయినవి, ఫోకస్ తప్పినవి, ఎవరిదో చెయ్యి అడ్డొచ్చినవి తీసేయండి చాలు. బాగాలేనిదాన్ని కన్ను వెంటనే పట్టుకుంటుంది, బాగున్న రెండింటిలో మెరుగైనది తేల్చడానికే ఆగిపోతుంది. ఆ తేల్చే పని రెండో విడతకు వాయిదా వేస్తే చేతి వేగం తగ్గదు. ఫోటోలకు గుర్తుగా పెట్టే చుక్కలు (స్టార్లు) కూడా అయిదు రకాలు అక్కర్లేదు. షీటుకు వెళ్లేవాటికి ఒక చుక్క, పేజీ అంతా నిండగలవాటికి రెండు. మూడో చుక్క పెట్టామంటే మళ్లీ బేరాలు మొదలవుతాయి.

కెమెరా ఇచ్చే ఫైలు పేరును నమ్ముకోకూడదు. మామూలుగా ఆ పేరులో నాలుగు అంకెలే ఉంటాయి, 0001 నుంచి 9999 దాకా. అది దాటితే మళ్లీ మొదటికి వస్తుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే 0457 అనే ఫోటో రెండింటిలోనూ ఉండొచ్చు. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్లోకి కాపీ చేసి, తొందరలో ‘రీప్లేస్’ అని నొక్కితే ఒక ఫోటో పోయినట్టే. అందుకే కార్డుకొక ఫోల్డర్. కలిపేముందు పేరు మార్చాలి: తేదీ, సమయం, కెమెరా గుర్తు.

సమయం అన్నాను కాబట్టి ఇంకొకటి. పెళ్లికి ముందే రెండు కెమెరాల గడియారాలు కలపండి. ఒకటి 7 నిమిషాలు వెనకబడితే, వరస పెట్టగానే మాంగల్యధారణకు ముందే తలంబ్రాలు పడిపోతాయి. తర్వాత సరిచేయవచ్చు. లైట్‌రూమ్‌లో ఒక కెమెరా ఫోటోలన్నిటి సమయాన్నీ ఒకేసారి ముందుకో వెనక్కో జరపొచ్చు. కలపడానికి పట్టేది మాత్రం ఒక్క నిమిషమే.

మన పెళ్లిళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటలకైతే జీలకర్రబెల్లం ఒక తేదీలో, దానికి ముందు జరిగిన ఎదుర్కోలు ఇంకో తేదీలో పడతాయి. తేదీవారీగా ఫోల్డర్లు చేసే సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి దగ్గర పెళ్లిని రెండు ముక్కలు చేస్తుంది. కాబట్టి పెళ్లికి తేదీ ఫోల్డర్లు పనికిరావు, ఘట్టాల ఫోల్డర్లు కావాలి: పెళ్లికూతుర్ని చేయడం, ఎదుర్కోలు, ముహూర్తం, అప్పగింతలు. ముందర రెండంకెల సంఖ్య వేస్తే వరస చెడదు.

ఆ రెండంకెల్లో సున్నాకూ పని ఉంది. షీట్లకు 1, 2, 3 అని పేరు పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తర్వాత 10, 11, 12 అన్నీ చూపించి తర్వాత 2కు వస్తాయి. ల్యాబ్‌వాళ్లు ఆ వరసలోనే ముద్రిస్తే రెండో షీటు పన్నెండోది అయి కూర్చుంటుంది. 01, 02 అని పెడితే ఈ తంటా లేదు.

బ్యాక్‌గ్రౌండ్ల గోదాం

పీఎస్‌డీ బ్యాక్‌గ్రౌండ్లు వేలకు వేలు డీవీడీల్లో, హార్డ్ డిస్కుల్లో చేతులు మారుతుంటాయి. ఎక్కువ ఉంటే ఎక్కువ రకాలు చేయొచ్చని ఆశ. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. 5000 ఉన్న చోట చేయి చివరికి తెలిసిన ఇరవై వైపే వెళ్తుంది, మిగతా 4980 దారికి అడ్డం. 60 ఏరుకుని, కొలతనుబట్టి, ఘట్టాన్నిబట్టి, రంగునుబట్టి కీవర్డులు వేసి పెట్టుకుంటే చాలు. మిగిలినవి వేరే డిస్కులో పడుకోనివ్వండి. పైగా నెమళ్లు, గులాబీలు, గాల్లో తేలే హృదయాలు తగ్గితే మనుషులు బాగా కనబడతారు.

ఎంచుకున్న 60 కూడా ఒకసారి సరిచేసి పెట్టుకోవాలి. 12 × 36 షీటు సరిగ్గా 18 అంగుళాల దగ్గర, అంటే 5400వ పిక్సెల్ దగ్గర మడత పడుతుంది. దానికి రెండు వైపులా అర అంగుళం వదిలితే 5250 నుంచి 5550 దాకా ఉన్న పట్టీలో మొహం పడకూడదు. అంచుల్లో పావు అంగుళం, అంటే 75 పిక్సెళ్లు, కోతకు వదలాలి. ఈ గీతలు ప్రతి షీటులో కొత్తగా గీయకుండా 60 ఫైళ్లలోనూ ముందే గైడ్లుగా పెట్టి దాచుకోండి. మీ ల్యాబ్ వేరే కొలత చెబితే ఆ కొలతే ప్రమాణం.

ఫోటోషాప్ 1990లో వచ్చింది, లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. లేయర్లు వచ్చి మూడు దశాబ్దాలు దాటినా ‘లేయర్ 47 కాపీ 3’ అనే పేరు మాత్రం మన ఫైళ్లను వదల్లేదు. ప్రతి లేయర్‌కూ పేరు పెట్టమని చెప్పను, ఎవరూ పెట్టరు. నాలుగు గ్రూపులు చాలు: అక్షరాలు, ఫోటోలు, అలంకరణ, బ్యాక్‌గ్రౌండ్. ఎవరి ఫైలు ఎవరు తెరిచినా దారి దొరుకుతుంది.

వాటికంటే ముఖ్యం స్మార్ట్ ఆబ్జెక్ట్. 2005లో సీఎస్2తో వచ్చింది. మామూలు లేయర్లో ఫోటోను చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేస్తే మసకబారుతుంది, ఎందుకంటే మొదటిసారి చిన్నది చేసినప్పుడే పిక్సెళ్లు పోయాయి. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో అసలు ఫోటో లోపల భద్రంగా ఉంటుంది. పెళ్లికూతురు ‘ఈ ఫోటో వద్దు, నవ్వుతున్నది పెట్టండి’ అంటే ‘రీప్లేస్ కంటెంట్స్’ నొక్కితే చాలు. ఫ్రేమ్, నీడ, కొలత అన్నీ అలాగే ఉండి ఫోటో ఒక్కటే మారుతుంది. ఖరీదు కూడా ఉంది: షీటుకు 5 అసలు ఫోటోలు లోపల చేరితే ఫైలు ఉబ్బుతుంది. 2014 నుంచి లింక్ చేసే పద్ధతి వచ్చింది కాబట్టి ఫోటో బయటే ఉంటుంది, షీటులో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. అయితే సగం పని అయ్యాక ఫోటోల ఫోల్డర్ ఇంకో చోటికి మార్చారో, లింకులు తెగుతాయి. మొదటి రోజే ఫోల్డర్లు కుదురుగా పెట్టుకోమనేది ఇందుకే.

ఇప్పటికీ 2002 నాటి ఫోటోషాప్ 7.0 వాడేవాళ్లకు ఈ సౌకర్యం లేదు. డబ్బు పెట్టలేకపోతే జింప్ ఉంది. ఉచితం, 2025 మార్చిలో 3.0 వచ్చింది. అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది, అంతే.

పాత ఫోటోలు, మారిన జిల్లాలు

పెళ్లి ఆల్బమ్ దాటి ఇంటి ఆల్బమ్‌కు వస్తే ఈ ప్రాంతంలో ఒక చిక్కు ఎదురవుతుంది, అది వేరే చోట అంతగా ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం కాకముందు గుణుపురం వైపు ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత కొరాపుట్ జిల్లా. 1992 అక్టోబర్ 2 నుంచి రాయగడ జిల్లా. అవతల చుట్టాలున్న పార్వతీపురానిదీ అదే కథ: విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఫోటోలను జిల్లా పేరుతో ఫోల్డర్లు చేస్తే ఒకే ఇల్లు నాలుగు చోట్ల ఉన్నట్టు కనబడుతుంది. కాబట్టి కీవర్డులో ముందు ఊరి పేరు, తర్వాత ఇప్పటి జిల్లా. పాత జిల్లా ఫోటో వెనక రాసి ఉంటే దాన్ని వివరణలో యథాతథంగా ఎక్కించండి, ఫోల్డర్ పేరులో మాత్రం వద్దు.

తేదీ తెలియని ఫోటోకు ఏడాది చాలు, నెలా రోజూ సున్నాలు: 1965-00-00. ఏడాదీ తెలియకపోతే దశాబ్దం మొదటి ఏడాది వేసి పక్కన ‘సుమారు’ అని రాయండి, వరసలో దగ్గరగానే కూర్చుంటుంది. ఫోటోలో ఉన్నవే కొన్నిసార్లు కాలం చెబుతాయి. నౌపడ నుంచి వచ్చే చిన్న రైలు గుణుపురం చేరింది 1931లో. గేజ్ మార్పు కోసం 2004లో ఆగింది. 2011లో బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది. గుణుపురం స్టేషన్లో చిన్న రైలు ముందు నిలబడ్డ తాతగారి ఫోటో ఉంటే అది 1931కి ముందుదీ కాదు, 2004 తర్వాతదీ కాదు. మిగతాది తాతగారి మీసం రంగు చూసి తేల్చుకోవాలి.

స్కానింగ్‌కు కొలతలు ముందే లెక్కేసుకోవాలి. 4 × 6 ఫోటోను అంగుళానికి 600 చొప్పున స్కాన్ చేస్తే 2400 × 3600 పిక్సెళ్లు వస్తాయి, రెండింతలు పెద్దదిగా 8 × 12 అంగుళాల్లో ముద్రించవచ్చు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోకు 1200 పెట్టండి. అప్పుడు దాదాపు 5.5 × 7 అంగుళాల దాకా సాగుతుంది. ఏ4 స్కానర్ అద్దం మీద 4 × 6 ఫోటోలు మూడు పడతాయి, రెండు నిలువుగా, వాటి కింద ఒకటి అడ్డంగా. మధ్య కొంచెం సందు వదిలితే ఫోటోషాప్‌లోని ‘క్రాప్ అండ్ స్ట్రెయిటెన్’ మూడింటినీ విడదీసి నిలబెడుతుంది. 90 ఫోటోలు 30 స్కాన్లతో అయిపోతాయి.

చుట్టాలు వాట్సాప్‌లో పంపేవాటితో జాగ్రత్త. మామూలుగా పంపితే పొడుగువైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, ముద్రణలో 5 అంగుళాలు దాటితే పల్చబడుతుంది. ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి.

పేర్లు రెండు లిపుల్లో

ఇక్కడి ఆల్బమ్ మీద పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ వేయమనే ఇళ్లుంటాయి. అను లాంటి పాత ఫాంట్లతో కొడితే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనబడుతుంది. రెండు లిపులకూ యూనికోడ్ వాడటమే మేలు. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. టైప్ ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా భాషలకున్న ఎంపిక, కొత్త వెర్షన్లలో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’, పెట్టి చూడండి. జింప్‌లో ఆ అవసరం పడదు.

పెద్దవాళ్లకు చూపించే ప్రూఫ్ 720 × 2160 ఉంటే సరిపోతుంది. అసలు షీటులో పాతికో వంతు పిక్సెళ్లు, ఫోన్లో ఇట్టే తెరుచుకుంటుంది. ప్రతి ప్రూఫ్ మీదా షీటు సంఖ్య పెద్దగా వేయాలి. లేకపోతే ‘ఆ పచ్చ చీర పేజీలో’ అని మొదలయ్యే ఫోన్లకు అంతుండదు. మార్పులు చెప్పే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించమనండి. ఆల్బమ్‌లో తప్పక ఉండాల్సిన చుట్టాల జాబితా కూడా షీట్లు మొదలుపెట్టకముందే రాయించుకోవాలి. ముద్రణ అయ్యాక పెద్దమ్మ కనబడలేదని తేలితే ఏ షార్ట్‌కట్టూ కాపాడదు.

ఇంటివాళ్లు ప్రూఫ్‌లు ఒప్పుకున్నాక 40 షీట్లనూ ఒక్కొక్కటిగా జేపెగ్ చేయడం దండగ. లేయర్లు కలపడం, ఎస్‌ఆర్‌జీబీకి మార్చడం, నాణ్యత 12తో సేవ్ చేయడం ఒకసారి యాక్షన్‌గా రికార్డు చేసి బ్యాచ్‌కు అప్పగిస్తే మీరు భోజనం చేసి వచ్చేసరికి అయిపోతుంది. పీఎస్‌డీలు మాత్రం చెరపొద్దు, అక్షరదోషం ఆల్బమ్ ఇంటికి వచ్చాకే కంటపడుతుంది.

కరెంటు పోయే ఊళ్లో ఫోటోషాప్ ఆటో సేవ్ ఎలా ఉందో చూసుకోండి. మామూలుగా 10 నిమిషాలకోసారి ఉంటుంది, దాన్ని 5కు తగ్గించండి. అసలు ఫోటోలకు ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క పాటించండి: 3 ప్రతులు, 2 రకాల పరికరాల్లో, 1 వేరే చోట. తలా 10 ఎంబీ చొప్పున 3000 ఫోటోలు 30 జీబీ. సెకనుకు 30 ఎంబీ ఎక్కించే పాత యూఎస్‌బీ డిస్కుకైనా 17 నిమిషాల పని. మీ ఇంటి పెళ్లి ఫోటోలు ఇప్పుడు ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉంటే ఈ ఆదివారమే రెండో ప్రతి తీయండి. మూడోది పార్వతీపురంలోనో విశాఖలోనో ఉన్న మేనమామ ఇంటికి పంపండి.