ఫోటోలలోని కన్నులను దిద్దుట

ఫోటో చేతికి రాగానే ఎవరైనను మొదట చూచునది కన్నులనే. వాల్మీకిపురము పట్టాభిరామస్వామి కోవెలలో పెండ్లి జరిగినచో, ఆ ఫోటోలు ఆ రాత్రికే సెల్‌ఫోనులలో మదనపల్లెకును, బెంగళూరునకును, కువైట్‌లో నున్న బంధువులకును చేరుచున్నవి. పెండ్లికూతురి చీర రంగు కొంచెము మారినను ఎవరును పట్టించుకొనరు. ఆమె కన్ను ఎఱ్ఱగా మెరసినచో మాత్రము “ఇదేమి, ఇట్లున్నది?” అని అందరును అడుగుదురు. విగ్రహప్రతిష్ఠలో నేత్రోన్మీలనమునకు ప్రత్యేక విధి నేర్పరచిన మన పెద్దలకు ఈ సంగతి బాగుగా తెలియును.

పూర్వము ఈ దిద్దుబాటు స్టూడియో పనివాని విద్య. నెగటివుపై సన్నని పెన్సిలుతోను, అచ్చుపై కుంచెతోను అతడు కన్నులకు మెరుగు పెట్టెడివాడు; నలుపు తెలుపు ఫోటోలకు రంగులద్దెడివాడు. నేడు కంప్యూటరున్న ప్రతి ఇంటను ఆ పని చేసికొనవచ్చును. పనిముట్టు సులభమైనది. ఏది దిద్దవలెనో, ఏది దిద్దరాదో తెలిసికొనుటయే కష్టము. ఆ రెండింటిని ఈ ప్రసంగమున వివరింతుము.

మొదట ఎఱ్ఱకన్ను సంగతి. తెల్లగుడ్డు నడుమ నుండు రంగు వలయమును నల్లగుడ్డు అందుము. దాని మధ్యనున్న రంధ్రమే కనుపాప. చీకటిలో ఈ రంధ్రము విప్పారును. ఫ్లాష్ దీపము కెమేరా కటకమునకు మిక్కిలి దగ్గరగా నున్నచో, ఆ వెలుగు కనుపాప గుండా లోనికి పోయి, నెత్తురు నిండిన వెనుక పొరపై పడి, వచ్చిన దారినే మరలి కటకమును చేరును. అందుచే కనుపాప ఎఱ్ఱగా కనిపించును. ఈ ఎరుపు కంటిలోని జబ్బు కాదు. దీపమున్న చోటు తెచ్చిన దోషము. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగులో ఫోటో తీసినచో ఈ చిక్కే యుండదు. రాత్రివేళ గదిలో దీపములు పెంచినను కనుపాప ముడుచుకొని ఎరుపు తగ్గును.

ఎరుపు వచ్చినచో దిద్దు విధమిది. ముందుగా అసలు ఫోటోకు నకలు తీసి, నకలు మీదనే పని చేయవలెను. గింప్ అను ఉచిత ప్రోగ్రామున ఎఱ్ఱకన్ను తొలగించు సాధనము కలదు. అది ఎరుపు కనబడిన చోటనెల్ల పని చేయును గనుక, పెదవులును కుంకుమబొట్టును చిక్కుకొనకుండ, కనుపాపను మాత్రమే ఎంచుకొనవలెను. ఎరుపు పోయిన పిదప కనుపాప ముదురు బూడిద వన్నెలో నుండవలెను. కాటుకవలె పూర్తిగా నలుపు చేసినచో కన్ను గుంతవలె కనబడును. కంటిలోని చిన్న వెలుగు చుక్కను చెరుపరాదు. అది ఎదుట నున్న కిటికీయో దీపమో ప్రతిఫలించుటచే కలిగినది. అది పోయినచో చూపు నిర్జీవమగును.

తెల్లగుడ్డును కాగితమువలె తెల్లగా చేయుట కొత్తవారు చేయు పొరపాటులలో ఒకటి. కంటిగుడ్డు గుండ్రనిది, దాని అంచుల నీడ యుండును, పైరెప్ప నీడయు దానిపై పడును. ఆ నీడలు పోయినచో అది బొమ్మకన్నగును. నిద్రలేమిచే వచ్చిన ఎఱ్ఱజీరలను కొంచెము తగ్గించిన చాలును.

ఇక నల్లగుడ్డు రంగు మార్చుట. ఫోటోపై లేయరు అను పారదర్శకమైన పొరను వేసి, దాని పద్ధతిని ‘రంగు’ అని మార్చుకొనవలెను. అపుడు క్రింది గీతలును వెలుగునీడలును చెదరక, వన్నె మాత్రమే మారును. కనుపాపను, వెలుగు చుక్కను వదలి, వలయముపై మాత్రమే మెత్తని కుంచెతో రంగు పూయవలెను. ఆ పొర గాఢతను నూటికి 20 లేక 30 పాళ్లతో మొదలిడి, క్రమముగా పెంచి చూచుకొనవలెను. పని చేయునపుడు ఫోటోను పెద్దదిగా చేసికొన్నను, తీర్పు చెప్పునపుడు మామూలు పరిమాణముననే చూడవలెను.

గోధుమవన్నె కంటిని నీలముగా చేయదలచిన వారికి ఒక చిక్కు ఎదురగును. మనలో అనేకుల కన్నులలో మెలనిన్ అను వర్ణకము అధికము. నీలికన్నులలో నీలి వర్ణకమే లేదు. మెలనిన్ తక్కువైన చోట వెలుగు చెదరుటచే ఆ నీలము తోచును. కనుక ముదురు కంటిపై నీలము పూసినను అది పైకి తేలదు. తేలవలెనన్న కంటిని తేటపరుపవలెను. అంతట దాని సహజమైన గీతలు చెరగును. నాటకపు పోస్టరునకు ఇది చెల్లును గాని, ఇంటి గోడపై నుండు అవ్వ ఫోటోకు తగదు.

పాత నలుపు తెలుపు ఫోటోలకు రంగు వేయునపుడు మరింత జాగ్రత్త కావలెను. తొలినాటి ప్లేట్లు ఎరుపును దాదాపు గ్రహించలేదు, నీలమును అధికముగా గ్రహించినవి. అందుచే బూడిద వన్నెను బట్టి అసలు రంగును నిర్ణయింపజాలము. ఆమెను ఎరిగిన వృద్ధులను అడుగవలెను. నేటి కృత్రిమ మేధ సాధనములు మసకబారిన కన్నును స్పష్టము చేయునపుడు లేని వివరములను ఊహించి నింపును. కన్ను అందముగానే వచ్చును. చూపు మాత్రము మన అవ్వది కాకపోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట పసిపిల్లలను గూర్చినది. ఫ్లాష్ వెలుగున బిడ్డ కనుపాప ఎఱ్ఱగా గాక తెల్లగా గాని, పసుపు ఛాయలో గాని మెరసినచో దానిని చెరిపి ఊరకుండరాదు. రెటినోబ్లాస్టోమా అను కంటి కాన్సరునకు అది తొలి గుర్తు కావచ్చును. సుమారు 15 వేల నుండి 20 వేల జననములకు ఒక బిడ్డకు వచ్చు ఈ వ్యాధి ఎక్కువగా 5 ఏండ్లలోపు వారిలో బయటపడును. ముందుగా కనుగొన్నచో ప్రాణమును, తరచు చూపును గూడ నిలుపవచ్చును; ఆలస్యమైనచో ప్రాణాపాయము. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్రాచార్యుడు బ్రయన్ షా, ఈ వ్యాధి సోకిన తన కుమారుని పాత ఫోటోలను వెదకగా, 12 దినముల వయసు నాటి ఫోటోలోనే ఆ తెల్లని మెరుపు కానవచ్చినది. ఈ పరిశోధన 2013లో వెలువడినది.

తెల్లని మెరుపు కనబడిన ప్రతి బిడ్డకును కాన్సరున్నదని భయపడనక్కరలేదు. పుట్టుశుక్లము వలనను, ఒక్కొక్కపుడు కెమేరా పక్కగా నుండుట వలనను అట్లు కనబడవచ్చును. తేల్చవలసినవాడు కంటివైద్యుడు. ఆ ఫోటోను దిద్దకుండ తీసికొనిపోయి ఆలస్యము లేక చూపవలెను. మన ప్రాంతము వారికి తిరుపతిలోను, బెంగళూరులోను నేత్రవైద్యశాలలు కలవు. 1987లో హైదరాబాదున వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ వ్యాధికి చికిత్స జరుగుచున్నది.

పాస్‌పోర్టు ఫోటోల విషయమున దిద్దుబాటునకే తావు లేదు. వానిలో ఎఱ్ఱకన్ను ఉండరాదు. కంప్యూటరుతో మార్చిన ఫోటోయు చెల్లదు. దోషము వచ్చినచో మరల తీయించుకొనుటయే మార్గము.

కెమేరా తెచ్చిన తప్పును నిస్సంకోచముగా దిద్దవచ్చును. కన్ను తనంతట చెప్పుచున్న సంగతిని మాత్రము చెరుపరాదు. ఏది తప్పో, ఏది సంగతియో తెలియనపుడు మనకు సాక్ష్యము అసలు ఫోటోయే గనుక, దిద్దిన నకలు ఎంత బాగుగా వచ్చినను అసలును పదిలముగా దాచుకొనవలెను.