టెయిలెండు గేటు

అమ్మలూ, నీరు తీసే మాత్రతో ఒంట్లో నీరంతా పోతుంటే పొటాషియం ఒక్కటి ఎలా ఆగుతుంది తాతయ్యా అని అడిగావు కదా. నీ నర్సింగు పుస్తకం అక్కడ పెట్టి ఇలా కాలవగట్టు మీదికి రా. కవితాళ చుట్టూ ఉన్న మన క్యాంపుల్లో పెరిగినదానివి, నీకిది కాలవ చూపించి చెబితేనే తొందరగా అందుతుంది.

తుంగభద్ర ఎడమ కాలవ డ్యాము దగ్గర బయలుదేరి 227 కిలోమీటర్లు పారి రాయచూరు వైపు వస్తుంది. పైనున్నవాళ్ళకి నీళ్ళకేం కొదవ? సిరవార, మాన్వి వైపు మనం టెయిలెండు. ఇక్కడికి చేరేది కొసరే. ఆ కొసరు మీదే మన పంట ఉంటుంది.

మూత్రపిండంలోనూ టెయిలెండు ఉంది. ఒక్కోదాంట్లో పది లక్షల దాకా సన్నగొట్టాలు. రోజుకు 180 లీటర్ల నీరు వాటిలోకి వడపోతగా దిగితే, మూత్రంగా పోయేది లీటరున్నర. మిగతాదంతా దారిలోనే ఒంట్లోకి తిరిగొస్తుంది. అందులోని సోడియంలో మూడింట రెండొంతులు గొట్టం మొదట్లోనే వెనక్కి వస్తుంది. ఇంకో పావు వంతు మధ్యలో మెలిక దగ్గర. చిట్టచివరికి మిగిలేది వందలో రెండు నుంచి ఐదు పాళ్ళు. అయితే ఎంత పొటాషియం బయటికి పోవాలన్నది తేలేది చాలావరకు ఆ చివర్లోనే. అక్కడ సోడియం లోపలికొస్తుంటే పొటాషియం బయటికి నడుస్తుంది. ఆ గేటు ఎంత ఎత్తాలో చెప్పే లస్కరు పేరు ఆల్డోస్టెరాన్, మూత్రపిండం మీద టోపీలా కూర్చున్న గ్రంథిలో పుట్టే హార్మోను. దాన్ని వేరుచేసి పట్టుకున్నది 1953లో. తుంగభద్ర డ్యాము పూర్తయిన ఏడూ అదే. అందుకే నేనది మరిచిపోను.

వాపులకు ఎక్కువగా ఇచ్చే ఫ్యూరోసెమైడ్ మాత్ర మధ్య మెలిక దగ్గర సోడియం వెనక్కి వచ్చే దారిని మూసేస్తుంది. సోడియం వెల్లువలా టెయిలెండుకి వస్తుంది, దాంతోపాటు పొటాషియమూ కొట్టుకుపోతుంది. మీ నాయనమ్మకి గుండె బలహీనపడి కాళ్ళు ఉబ్బినప్పుడు ఈ మాత్రతో వాపు తీసింది గానీ, రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి ఏడ్చేది. అప్పుడు డాక్టరుగారు స్పైరోనోలాక్టోన్ కలిపారు. అది లస్కరు కూర్చునే కుర్చీలో తను కూర్చుంటుంది. ఆజ్ఞ అందదు, సోడియం పోతుంది, పొటాషియం మిగులుతుంది. ఈ పని ఒక్క పూటలో తెలియదు, రెండు మూడు రోజులు ఆగాలి. పొటాషియం మిగిల్చే ఇంకో రెండు మాత్రలు, ఆమిలోరైడ్, ట్రయామ్టెరీన్, వాటి దారి వేరు. అవి లస్కరుతో పని లేకుండా సోడియం వచ్చే తూముకే అడ్డం పడతాయి.

ట్రయామ్టెరీన్ దగ్గర ఒక్క నిమిషం ఆగనీ. మా నాన్న భీమవరం పక్కనుంచి ఇక్కడికొచ్చాడు కదా, యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టింది ఆ భీమవరంలోనే. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లంలో టెరిడిన్ అనే జంట ఉంగరం ఉంటుంది. సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో మొదట కనబడిందని గ్రీకులో రెక్క అనే మాట నుంచి ఆ పేరు పెట్టారు. ట్రయామ్టెరీన్ ఒంట్లోనూ అదే ఉంగరం! ఆ పోలిక వల్లే ఫోలిక్ ఆమ్లం పనికి అది కొంచెం అడ్డొస్తుంది. గర్భిణికి ఈ మందు విషయంలో జాగ్రత్త పడటానికి అదొక కారణం.

స్పైరోనోలాక్టోన్ 1959లో బజారుకొచ్చింది. కాలేయం చెడి పొట్టలో నీరు చేరితే ఇప్పటికీ మొదట తలుచుకునే మాత్ర ఇదే. ఎన్ని మందులు వేసినా లొంగని బీపీకీ వాడతారు. గుండె జబ్బులో దీని విలువ తేలింది మాత్రం 1999లో. బెర్ట్రామ్ పిట్ బృందం గుండె బాగా బలహీనపడిన 1,663 మందిని తీసుకుని, మామూలు మందులతోపాటు సగం మందికి ఈ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో వందకు 46 మంది పోతే, ఇటు 35 మంది. తేడా అంత స్పష్టంగా కనబడి పరీక్షను ముందుగానే ఆపేశారు. రోజుకు 25 మిల్లీగ్రాముల చిన్న మాత్ర తల్లీ, అది మొదలుపెట్టాక మీ నాయనమ్మ నాలుగేళ్ళు నాతో ఉంది.

ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో జరిగింది కూడా నువ్వు తెలుసుకోవాలి. డాక్టర్లు ఈ మాత్రను విరివిగా రాయడం మొదలుపెట్టారు. బీపీకి, గుండెకి వాడే "ప్రిల్" మందులు అప్పటికే వేసుకుంటున్న ముసలివాళ్ళకి కూడా. ఆ ప్రిల్ మందులూ పొటాషియాన్ని ఆపేవే. పొటాషియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరినవాళ్ళు 1994లో వెయ్యికి 2.4 ఉంటే, 2001కి 11 అయ్యారు. పిట్ బృందం మూత్రపిండాలు బాగా చెడినవాళ్ళని ముందే పక్కన పెట్టి, రక్తపరీక్షలు వరసగా చేయించింది. బయట అంత శ్రద్ధ ఎవరు పెడతారు?

రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆరు దాటితే గుండె లయ తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు. నొప్పి ఉండదు, ఒక్కోసారి నీరసం కూడా తెలియదు. మన క్యాంపులో ఒక పెద్దాయన ఈ మాత్రతోపాటు మోకాళ్ళ నొప్పికి దుకాణంలో కొన్న మాత్రలు మింగాడు, బీపీకి మంచిదని సోడియం తగ్గించిన ఉప్పు తిన్నాడు. ఆ ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎండకి రోజుకి రెండు కొబ్బరిబోండాలు కూడా. మూత్రపిండాలు బాగున్నవాడికి బోండాం అమృతమే, ఆయనకి షుగరుతో అవి ఎప్పుడో దెబ్బతిన్నాయి. సమయానికి తీసుకెళ్ళాం కాబట్టి బతికాడు.

ఇంకొకటి చెప్పాలి, నువ్వు వార్డులో మగవాళ్ళని అడగాల్సింది. నాకూ ఈ మాత్ర ఇచ్చిన మూడో నెలలో రొమ్ములు సలిపి కొంచెం ఉబ్బాయి. సిగ్గుపడి నెలరోజులు ఎవరితోనూ అనలేదు. ఈ మందు మగ హార్మోనుకీ అడ్డుపడుతుంది, పిట్ పరీక్షలో మగవాళ్ళలో పదిమందికొకరికి ఇలాగే అయింది. చెప్పగానే డాక్టరుగారు ఎప్లెరెనోన్‌కి మార్చారు, అది ఆ పని దాదాపు చేయదు. ఎవరూ అడగకపోతే నాలాంటివాళ్ళు చెప్పరమ్మా. మాత్ర మానేసి ఊరుకుంటారు.

కాలవ 69వ మైలు దగ్గర గేజు ఎంతుందో తెలియకుండా ఇక్కడ ఎవరూ నారు పోయరు కదా. ఈ మాత్రకి రక్తపరీక్షే గేజు. మొదలుపెట్టిన వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, ఆ పైన కొన్ని నెలలకోసారి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి. మొన్న నా చీటీలో 4.8 వచ్చింది. సోమవారం మళ్ళీ ఇవ్వాలి, నువ్వు రాయచూరు వెళ్ళే బస్సులోనే నన్నూ తీసుకెళ్ళు.